వానలో నిలబడ్డ మా వీధి జట్టు

ఇట్లా రండి. గోడకు ఆనుకుని అంత దూరంగా కాదు, నా మోకాలికి మీ మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చోండి. నా గొంతు ఇప్పుడు వాకిలి దాకా కూడా పోదు. కాళ్ళు చాపుకోండి, ఇక్కడ మర్యాదలు చూసేవాళ్ళు ఎవరూ లేరు. నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకానే. పుస్తకంలో చదివింది ఏదీ నిలవలేదు గానీ కంటితో చూసింది ఒక్కటీ పోలేదు. అందులో ఒకటి మీకు చెబుతాను.

పోయిన ఆదివారం నా మనవరాలి కూతురు సింధు తన హాకీ ఆట చూడమని నన్ను పట్టుబట్టి తీసుకుపోయింది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో వాళ్ళ అపార్ట్‌మెంటు కింద నన్ను కారెక్కించి, మైదానం దగ్గర చెయ్యి పట్టుకుని దింపింది. మైదానం అంటే నేను మట్టి ఉంటుందనుకున్నాను. అక్కడ నీలంరంగు జంపఖానా పరిచినట్టుంది. ఆట మొదలయ్యే ముందు నాలుగు పక్కల నుంచీ గొట్టాలు నీళ్ళు చిమ్మి నేలంతా తడిపేశాయి. "అయ్యో, ఎవరో కొళాయి తిప్పేసినారు చూడండప్పా, పిల్లలు జారి పడతారు!" అని అరిచాను. పక్కనున్న తల్లులందరూ నవ్వారు. సింధు పరిగెత్తుకుంటూ వచ్చి, "అవ్వా, మేమే తడపమన్నాం. తడి ఉంటేనే బాల్ స్పీడుగా పోతుంది. డ్రైగా ఉంటే ఆడటానికే కుదరదు" అంది. నాకు నవ్వు పట్టుకుంది. ఆ నవ్వు ఎంతకీ ఆగక చివరికి కొంగుతో కళ్ళు ఒత్తుకోవలసి వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆ పిల్ల అడిగింది, "నిజం చెప్పు అవ్వా, ముత్తాత వాళ్ళ టీము గొప్పదా, మా టీము గొప్పదా?" అని. "తల్లీ, నేను కాపురానికి వచ్చిన ఇంట్లో పొద్దు గుంకితే చాలు, జరిగే పంచాయతీ అదేనే" అన్నాను. అప్పటి నుంచి ఆ ఇల్లు నన్ను వదలటం లేదు.

మా అత్తవారిది కబ్బన్‌పేటలో ఒక సందు. నేను హిందూపురం నుంచి కాపురానికి వచ్చేటప్పటికి తెల్లవాళ్ళ యుద్ధం జరుగుతూ ఉంది. బెంగళూరు అంటే అప్పట్లో రెండు ఊళ్ళు. ఇటు మా పేట, అటు పెద్ద తోట దాటితే సిపాయిలూ దొరలూ ఉండే దండు. మా సందులో అందరూ నేతవాళ్ళే. గడప దాటగానే రెండు గుంత మగ్గాలు, వాటి వెనకే వంటిల్లు, దాని వెనక బావి. ఇంట్లో ఎక్కడ నిలబడినా మగ్గం చప్పుడు వినపడేది, ఎక్కడ కూర్చున్నా నూలు పోగు ఒకటి చీరకు అంటుకునేది. అన్నిటికన్నా నాకు ఇప్పటికీ గుర్తున్నది గంజి వాసన. మా అత్త చిక్కటి గంజి కాచి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక చారెడు కొబ్బరినూనె కలిపేది. నేసేముందు పడుగు నూలును సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగదీసి, కుంచెతో ఆ గంజి పట్టించాలి. లేకపోతే మగ్గం మీద పోగులు పుటపుటా తెగిపోతాయి. పడుగు వేసి ఉన్నంతసేపూ సందులో నడవాలన్నా గోడవారగా ఒదిగి నడవాలి. జట్కావాళ్ళు కూడా బండి మలుపులోనే ఆపి, బీడీ ముట్టించుకుని కూర్చునేవాళ్ళు. ఎవరూ విసుక్కునేవారు కాదు. అది ఆ సందు ధర్మం.

అలాంటి సందులో హాకీ ఎట్లా వచ్చిందంటే, మా మామగారి వల్లనే వచ్చింది. ఆయన పేరు వెంకటాచలప్ప. వయసులో ఉండగా దండులో దొరల బంగళాలకు బట్టలు మోసుకుపోయి అమ్మేవాడట. అక్కడ సిపాయిలు ఆడి విరగ్గొట్టి పారేసిన కర్రలు అడిగి తెచ్చుకున్నాడు. నేతవాని చేతికి విరిగిన కర్ర దొరికితే ఏం చేస్తాడు? నూలు బిగించి చుట్టి, దాని మీద గంజి పూసి, ఎండబెట్టాడు. ఎండిన తరువాత అది చెట్టు బెరడులాగా గట్టిపడింది. అట్లా కట్టిన కర్రలతోనే మా వీధి జట్టు పుట్టింది. తరువాత మంచి కర్రలే వచ్చినా, పిడికి నూలు చుట్టి గంజి పూయటం మాత్రం జట్టుకు ఆచారమైపోయింది. ప్రతి పెద్ద ఆటకు ముందూ మామగారే అందరి కర్రలూ తన చేత్తో చుట్టేవారు. ఇంకొకరిని ముట్టనిచ్చేవారు కాదు.

నేను వెళ్ళేటప్పటికి మామగారి ఆట ముగిసి చాలా ఏళ్ళయింది. ఆయన జట్టులో వాళ్ళు కొందరు పోయారు, కొందరు మంచం పట్టారు. ఇప్పుడు ఆడుతున్నది కొడుకుల జట్టు. మా ఆయన రామన్న దానికి నాయకుడు. పొద్దుపోయే వేళ మగ్గం దిగి అందరూ మా ఇంటి ముందు జగిలి, అదే అరుగు మీద చేరేవాళ్ళు. మామగారు ఆకూవక్కా నములుతూ తూకం మొదలుపెట్టేవారు, ఒక తట్టలో ఇప్పటి వాడు, ఒక తట్టలో అప్పటి వాడు.

"మా కాలంలో ముందు గాలి పిళ్ళప్ప ఉండె. వాడు వస్తాండాడంటే దండోళ్ళు దారి ఇడిసి నిలబడేవాళ్ళు. వెనక గోడ చెన్నప్ప. వాన్ని దాటిన చెండు ఇంకా పుట్టలేదు. ఇప్పుడు మీరుండారు చూడు. ఏమప్పా నంజుండా, నిన్న చెండు కన్నా ముందు నువ్వే పోయి గోల్లో పడితివంట?"

నంజుండుడు పక్కింటి పిల్లవాడు, మా ఆయనకు చిన్ననాటి జత. వాడి నోటికి ఎప్పుడూ తాళం లేదు. "ఏం చేసేది మామా, చెండు పొయ్యేట్ల లేదు. ఇద్దరిలో ఒకరన్నా పోతే జట్టుకు మర్యాద గదా అని నేను పొయినా" అనేవాడు. అందరూ గొల్లుమనేవాళ్ళు. మామగారు మాత్రం నవ్వేవారు కాదు. లోపల్నుంచి మా అత్త అందుకునేది, "ఆ పిళ్ళప్పను రోజూ లేపి ఆడిస్తాండావు. పాపం, సచ్చినోన్ని కూడా పండుకోనియ్యవు గదయ్యా!"

మా ఆయన ఆ నవ్వుల్లోనూ మాట్లాడేవాడు కాదు. ఆయన స్వభావమే అంత. కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన నాతో పలికిన మాటలు ఏరుకుంటే నా కొంగుముడిలో పట్టేవి. నన్ను పిలవాలంటే దగ్గటమో, కడవ కదపటమో చేసేవాడు. హాకీ ఆడి వచ్చిన సాయంత్రం మాత్రం వేరే మనిషి. బావి దగ్గర నేను నీళ్ళు పోస్తుంటే, మోకాళ్ళ మీది మట్టి కడుక్కుంటూ, బంతి ఎటు నుంచి వచ్చింది, తాను ఎటు తిప్పాడు అని చేతులు ఊపుతూ చెప్పేవాడు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఇంకొక చేద నీళ్ళు తోడి పోస్తూ వింటూ ఉండేదాన్ని. నా మొగుడు ఎట్లాంటివాడో నాకు తెలిసింది ఆ బావి దగ్గరే.

ఆ మాటలకు కూడా గండి పడేట్టు మామగారు ఒక శపథం చేశారు. యుద్ధం వల్ల నూలు కంట్రోలులోకి పోయింది, సర్కారు ఇచ్చినప్పుడే దొరికేది. మగ్గాలు రోజుల తరబడి ఖాళీగా పడి ఉండేవి. మనుషుల్లో విసుగు పెరిగింది. జట్టు కూడా వరసగా ఓడిపోతూ వచ్చింది. చిన్నా చితకా జట్ల చేతిలో కూడా ఓడారు. ఒక సాయంత్రం మామగారు జగిలి మీద నుంచి లేచి నిలబడి అన్నారు:

"దండోళ్ళతో ఆట ఉండాది గదా ఈ వారం. అది ఓడితే ఇంక చాలు. కర్రలన్నీ తెచ్చి గంజి పొయ్యిలో పెట్టేది. పిళ్ళప్ప, చెన్నప్ప సంపాదించిన పేరు మీరు సంతలో అమ్మేదానికన్నా అదే మేలు."

మా ఆయన నెమ్మదిగా, "సరే నాయనా" అన్నాడు. ఆ రోజు బావి దగ్గర చేద శబ్దం తప్ప ఏమీ లేదు.

ఆట రోజు పొద్దున్నే రెండు సంగతులు జరిగాయి. మొదటిది, వారాలుగా రాని నూలు వచ్చింది. ఆ సాయంత్రమే పడుగు సాగదీసి గంజి పెట్టకపోతే మగ్గం ఇంకా ఆలస్యమవుతుంది. రెండోది, మామగారు ఎప్పటిలాగా కర్రల పిడులు చుట్టటానికి కూర్చున్నారు. మా ఆయన వెళ్ళి పక్కన కూర్చుని, "నాయనా, మబ్బు పట్టేట్ల ఉండాది. సైకిల్ అంగట్లో రబ్బరు పట్టీ దొరుకుతాదంట, ఒక్కసారికి అది చుట్టుకుంటాము" అన్నాడు. మామగారు తల ఎత్తలేదు. "ఎన్నో ఏండ్లు ఆడినాము ఈ నూలు పట్టుకొని. ఒక్కనాడన్నా జారిందా, అడుగు పిళ్ళప్పను" అన్నారు. పిళ్ళప్పను ఎక్కడికి పోయి అడుగుతాం? పిడులకు బిగించి చుట్టి, ఆ మీద ఇంకో పూత గంజి పట్టించి, ఎండకు పెట్టారు. పడుగు పని మాకు అప్పజెప్పి, తలగుడ్డ చుట్టుకుని, జట్టు వెంట తానూ దండు మైదానానికి బయలుదేరారు. తీర్పు చెప్పేవాడు చూడకుండా ఎట్లా చెబుతాడు?

ఎండ వాలాక మా అత్త, నేను, నంజుండుడి తల్లి, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి సందులో పడుగు సాగదీశాం. కుంచె పట్టటం మగవాళ్ళ పని అనేవాళ్ళు. ఆ రోజు మా అత్త కుంచె పట్టింది. సగం దాకా గంజి పెట్టామో లేదో, దండు పక్క నుంచి నల్లటి మబ్బు లేచింది. చల్లగాలి తగిలింది. నేను, "అత్తా, తీసేద్దామా?" అన్నాను. ఆమె నింపాదిగా, "ఉండు పాపా, వస్తారు చూడు ఇప్పుడు" అంది. ఎవరు అని అడిగాను. అప్పుడు చెప్పింది. మామగారి జట్టు ఆడే రోజుల్లో ఎంత పెద్ద ఆటైనా సరే, మొదటి చినుకు మీద పడగానే పదకొండు మందీ కర్రలు భుజాన వేసుకుని దండు నుంచి పేటకు పరుగెత్తుకుని వచ్చేవాళ్ళట. అందరి ఇళ్ళ ముందూ పడుగులుండేవి మరి. గోలు ముందు బంతి ఉన్నా వదిలేసి వచ్చేవాళ్ళట. "దండోళ్ళు నోరు తెరుచుకొని చూస్తా ఉంటే, వీళ్ళు గోచీలు ఎగగట్టుకొని గుర్రాల మాదిరి వస్తా ఉండిరి. మీ మామ అందరికన్నా ముందు" అని నవ్వింది.

చినుకు పడింది. మేమందరం మలుపు వైపు చూశాం. ఎవరూ రాలేదు. ఇంకో నాలుగు చినుకులు పడ్డాయి. మా అత్త ముఖంలో నవ్వు పోయింది. "రారు పాపా, పట్టు" అని కేక పెట్టింది. ఎట్లా చేశామో చెప్పలేను. ఒకరు కొస పట్టుకుని చుడుతూ వస్తుంటే, మిగిలిన వాళ్ళం మధ్యలో నేల తగలకుండా చేతుల మీద ఎత్తిపట్టుకున్నాం. నా చీర కొంగు తీసి తడి గంజి మీద కప్పాను. నంజుండుడి తల్లి తన కోడళ్ళనూ మనవలనూ తిట్టిన తిట్లు ఆ పేటంతా వినపడి ఉంటాయి. గడప దాటి లోపలికి తెచ్చి పడేసేసరికి, వాన సందులో ఏరులాగా పారింది. పడుగు నిలిచింది. ఒక్క చివర కొంచెం తడిసింది, అంతే. మేం గోడకు ఆనుకుని ఆయాసపడుతూ ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వాం. ఎవరి ముక్కు మీద చూసినా గంజే.

చీకటి పడుతుండగా వాళ్ళు వచ్చారు. ముందు నంజుండుడు, వెనక మిగిలిన వాళ్ళు, అందరికన్నా చివర మామగారు, తల మీద గుడ్డ లేకుండా. బోడి తలతో ఆయన్ను నేను చూడటం అదే మొదలు. వచ్చీ రాగానే ఆయన నేరుగా పడుగు దగ్గరికి వెళ్ళి తడిమి చూశారు. మగ్గం గట్టు మీద కూర్చున్నారు.

"ఓడినాము అత్తా" అన్నాడు నంజుండుడు మా అత్తతో. "ఒక్క గోలు తక్కువ."

తరువాత సంగతంతా వాడే చెప్పాడు. మొదటి చినుకు పడగానే మామగారు ఒడ్డున లేచి, పంచె ఎగగట్టి, "పడుగు తడుస్తాది, పదండ్రా!" అని కేకేశారట. జట్టులో సగం మంది కర్రలు భుజాన వేసేసుకున్నారట కూడా. మా ఆయన మాత్రం మైదానం మధ్యలో నిలబడి, అందరికీ వినపడేట్టు, "ఇంట్లో అమ్మ ఉండాది, నాగు ఉండాది. వాళ్ళు తీస్తారు నాయనా. మనం ఆడదాము" అన్నాడట.

నాగు అంటే నేనే. నాగమ్మను. గదిలో కూడా నా పేరు ఎత్తని మనిషి దండు మైదానంలో, దొరలూ సిపాయిలూ వింటూ ఉండగా నా పేరు పలికాడు. నంజుండుడు ఆ మాట చెప్పేటప్పుడు మా ఆయన తల వంచుకుని కాళ్ళ మీది బురద చూసుకుంటున్నాడు. నేను స్తంభం వెనక్కి జరిగాను. నా ముఖం ఎవరికీ కనపడకూడదని.

"ఆడినాము సరే" అన్నాడు నంజుండుడు. "వాన ముదిరింది. పిడి మీద గంజి కరిగి జిగట జిగట అయ్యె. నేను కర్ర ఎత్తితే కర్ర పోయి దండోని కాళ్ళ మీద పడె. వాడు అదేందో కొత్త ఎత్తు అనుకొని పక్కకు దూకె! హాఫ్ టైమ్ అయ్యే లోపల రెండు గోల్సు పడిపాయె మామీద. మామ చుట్టిన నూలు గదా, విప్పేదానికి ఎవురికీ చెయ్యి రాలేదు. అప్పుడు మామే వచ్చె. నా చెయ్యి పట్టుకొని అరచేయి చూసె. తెల్లగా గంజి. అంతే అత్తా, కర్ర తీసుకొని పంటితో నూలు కొరికి తెంపేసె. ఒక్కొక్కరిదీ. తలగుడ్డ తీసి పేలికలు చించి, తానే చుట్టి చుట్టి ఇచ్చె. అటెనక రామన్న ఒక గోలు కొట్టె. ఇంకోటి కంబానికి తగిలి వచ్చె. అది గాని లోపలికి పొయ్యింటే..."

"పొయ్యింటే అనేదాన్ని అన్నం వండుకొని తినలేము, ఊరుకో" అన్నాడు మా ఆయన. లేచి, వాకిట్లో ఆనించిన కర్రలన్నీ ఎత్తుకుని వచ్చాడు. పొయ్యి మీద, తడిసి వచ్చిన వాళ్ళ కోసం మా అత్త నీళ్ళు కాస్తోంది. మంట బాగా ఉంది. ఆయన కర్రలను పొయ్యి పక్కన దించి, "నాయనా, చెప్పిన మాట" అన్నాడు. 

మామగారు మా అత్త వైపు తిరిగారు.

"వానలో మేము ఒక్కనాడూ ఆడలేదు గదే?"

"ఆడింది లేదు. పరిగెత్తింది ఉండాది" అంది అత్త.

"గంజి నూలు తడిస్తే ఏమయితాదో తెలీని నేతోడు ఉంటాడా? మగ్గం కాడ తెలుస్తాది. మైదానంలో తెలీలేదు నాకు. మేము ఎప్పుడూ తడిసింటే గదా తెలిసేది." ఆయన వంగి ఒక కర్ర తీసుకున్నారు. తన తలగుడ్డ పేలిక దాని పిడికి ఇంకా చుట్టి ఉంది. నీళ్ళు కారుతున్నాయి. వేలితో ఒత్తి చూసి, కొడుకు చేతిలో పెట్టారు. "ఇది పచ్చి తడిగా ఉండాది. తడికట్టె మండదప్పా, ఇల్లంతా పొగ. ముందు ఆరనీ. అటుక మీద వద్దు, గాలికి పెట్టు. కోడలా, అవిసె నూనె ఉండాదేమో చూడు, తడిసిన కట్టె పగుల్తాది."

నంజుండుడికి అర్థమయ్యేటప్పటికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక వాడు వేసిన గంతుకు వంటింటి దుత్తలు కదిలాయి. మా ఆయన నవ్వలేదు. నా వైపు చూశాడు, అంతే. నూనె బుడ్డి తెచ్చి ఇచ్చేటప్పుడు, "చీర పాడైపాయనే నాగూ, గంజి" అన్నాడు. పెళ్ళైనాక నా ముఖం చూసి నా పేరు పెట్టి ఆయన అన్న మొదటి మాట అది. ఎంత గొప్ప మాట చూడండి!

ఆ తరువాత కొన్నేళ్ళు మా వీధి జట్టు ఆడింది. గెలిచింది తక్కువ, ఓడింది ఎక్కువ. ఓడిన ప్రతిసారీ నంజుండుడు జగిలి మీదికి వచ్చి, "మామా, కర్రలు ఆరినాయా?" అనేవాడు. మామగారు గాలికి పెట్టిన కర్రల వైపు చూసి, "ఇంకా పచ్చిగానే ఉండాయి లేప్పా" అనేవారు. తూకం మాత్రం మానలేదు. చివరి దాకా పిళ్ళప్ప గొప్పే, చెన్నప్ప గోడే. కానీ పొడినేల మీద అనే మాట ఒకటి ముందు చేరింది. "పొడినేల మీద పిళ్ళప్ప తరువాతనే ఎవురైనా. వానలో అయితే వీళ్ళని అడగాల" అనేవారు. ఆయన నోటి నుంచి అంతకన్నా పెద్ద మెప్పు రాదని అందరికీ తెలుసు.

సింధు అడిగిన తూకం నేను తేల్చలేదు. ఆ పిల్లల వేగం చూస్తే మా వాళ్ళు నడుస్తున్నట్టే ఉంటుంది. వాళ్ళ కాళ్ళకు బూట్లు, పళ్ళకు కవచం, తాగటానికి రంగు నీళ్ళు. మా వాళ్ళకు వట్టి కాళ్ళు, సంగటి ముద్ద, ఇంట్లో నూలు దిగులు. ఈ పిల్లలకు అవేవీ లేనందుకు నేను కుళ్ళుకోను. ఏ దిగులూ లేకుండా ఒక ఆడపిల్ల మైదానంలో పరుగెత్తటం చూడటానికే దేవుడు నన్ను ఇన్నాళ్ళు ఉంచాడేమో. ఆ రోజుల్లో నేను మైదానం ముఖం కూడా చూడలేదు, ఆట మొత్తం నంజుండుడి నోట విన్నాను. అయినా వాళ్ళు వానలో నిలబడి ఆడారంటే, అందులో పడుగు మోసిన మా చేతులూ ఉన్నాయని నాకు తెలుసు. అది తెలియజేసిన మా ఆయనకు, చెప్పిన మాట తప్పటానికి సిగ్గుపడని మా మామగారికి, కుంచె పట్టిన మా అత్తకు నేను ఇప్పటికీ మనసులోనే దండం పెట్టుకుంటాను.

పొద్దుపోయింది, ఇక లేవండి, మీ ఇళ్ళలో మీ కోసం చూస్తూ ఉంటారు. మీరు బయట ఎక్కడో వానలో చిక్కుకున్న రోజున, ఇంట్లో వాళ్ళున్నారు లే అని ధైర్యంగా అనుకోగలిగే మనుషులు మీ గడపలో ఎప్పుడూ ఉండాలి. వాళ్ళ పేరు పదిమందిలో పలికే నోరు మీకు ఉండాలి. మీ పొయ్యి మీద ఎప్పుడూ వేడినీళ్ళు కాగుతుండాలి, తడిసి వచ్చినవాళ్ళు ఓడి వచ్చినా సరే. చల్లగా ఉండండి నాయనా, పిల్లాపాపలతో నిండుగా ఉండండి.